తబస్సుమ్ చేసిన బోణీ

"తబస్సుమ్! ఆ షాంపూ దండ ఇటు అందించవే."

పూజిత స్టూలెక్కి నిలబడింది. తబస్సుమ్ కింద నుంచి షాంపూ ప్యాకెట్ల దండ అందించింది. పూజిత దాన్ని మేకుకు తగిలించింది. చిప్స్ ప్యాకెట్ల దండలు అప్పటికే వేలాడుతున్నాయి. పెళ్ళిపందిట్లోకి వచ్చినట్టుంది.

మర్నాడే కొట్టు తెరవడం. తిరువూరులో ఆ వీధికి ఇంతవరకూ కొట్టన్నదే లేదు. గుప్పెడు పంచదార కావాలన్నా మెయిన్ రోడ్డు దాకా నడవాల్సిందే. అందుకే పూజిత వాళ్ళమ్మ శివపార్వతి ఇంటి ముందుగదిలో కిరాణా కొట్టు పెడుతోంది. జాకెట్లు కుట్టి కూడబెట్టుకున్నదంతా ఇందులోనే పెట్టింది.

"బజార్లో అంతంత మార్టులుండగా నీ కొట్టుకెవరొస్తారే పార్వతీ?" అంది పూజిత నాయనమ్మ రావమ్మ, మంచం మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటూ.

"వస్తారత్తయ్యా. ఆవకాయల రోజులు కదా! ఆవాలకీ మెంతులకీ ఈ ఎండలో అంతదూరం ఎవరు పోతారు?"

"చూద్దాంలే. మొదటి రోజే తెలిసిపోతుంది."

శివపార్వతి భయం కూడా అదే.

ఇక తబస్సుమ్ సంగతి చెప్పాలి. ఈ పిల్లది ఈ ఊరు కాదు. ఆ మాటకొస్తే పుట్టిందీ పెరిగిందీ ఈ దేశంలోనే కాదు, మస్కట్‌లో. వాళ్ళ అబ్బా అక్కడ ఏసీలు రిపేరు చేస్తాడు. అమ్మీకి ఇంకో పాపో బాబో పుట్టబోతుంటే, పురిటికి పుట్టింటికి వచ్చింది. తబస్సుమ్ కూడా వెంట వచ్చింది. అమ్మీ వాళ్ళ అమ్మ ఖతీజాబీని తబస్సుమ్ 'నానీ' అంటుంది. నానీ ఇల్లూ, పూజిత ఇల్లూ పక్కపక్కనే.

మస్కట్‌లో వాళ్ళ బిల్డింగు కిందే ఒక చిన్న కొట్టుంది. అలాంటి కొట్టును అక్కడ 'బకాలా' అంటారు. కేరళ అంకుల్ ఒకాయన నడుపుతాడు. పైనుంచి ఫోన్ చేసి "అంకుల్, బ్రెడ్డు, పెరుగు" అంటే చాలు, సరుకులు గుమ్మంలోకి వచ్చేస్తాయి. ఏ బ్రెడ్డో చెప్పక్కర్లేదు. తబస్సుమ్ గొంతు వినగానే అంకుల్‌కు తెలిసిపోతుంది. అందుకే కొట్ల గురించి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఈ పిల్ల నమ్మకం.

కానీ తిరువూరు వచ్చిన కొత్తలోనే పరువు పోయింది. బండి మీద తాటిముంజెలు చూసి, "ఇదేం జెల్లీ?" అని అడిగింది. వీధిలో పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఏయ్ జెల్లీ! ఇటు రావే జెల్లీ!" అని కొన్నాళ్ళు ఏడిపించారు కూడా.

అప్పటినుంచీ తబస్సుమ్ ఏదీ అడగడం మానేసింది. ఎవరేం చెప్పినా ఒకటే మాట. "తెలుసు." పక్కూరు పెనుగొలను ఎటువైపో తెలుసా? తెలుసు. గేదెకు కుడితి ఎలా పెడతారో తెలుసా? ఓ, తెలుసు! నిజానికి ఒక్కటీ తెలియదు పాపం.

శివపార్వతి చెమట తుడుచుకుంటూ వచ్చి తబస్సుమ్ తల నిమిరింది.

"రేపు పొద్దున బోణీ నువ్వే చెయ్యాలమ్మా. నీ చెయ్యి మంచిది. నువ్వు మా గడప తొక్కిన రోజే పూజిత వాళ్ళ నాన్న ఈ కొట్టుకి సరేనన్నారు. అప్పటిదాకా ఎంత బతిమాలినా వింటేనా!"

బోణీ అంటే ఏంటి? తబస్సుమ్‌కు నోటిదాకా వచ్చింది. అడిగేదే. కానీ పూజిత తనవైపే చూస్తోంది. ఈ ఊళ్ళో తనకున్నది ఒకే ఒక్క ఫ్రెండు. ఆ ఒక్కతీ కూడా నవ్విందంటే?

"బోణీయేగా! తెలుసు ఆంటీ. చేసేస్తా" అంది తబస్సుమ్.

సాయంత్రం అన్నం తింటున్నప్పుడు నానీ కూడా అడిగింది. "బోణీ నీ చేత చేయిస్తున్నారటగా బేటా! ఎలా చెయ్యాలో చెప్పనా?"

"అబ్బ, తెలుసు నానీ!"

తెలియదు కాబట్టి బాగా ఆలోచించింది. పోయినేడు మస్కట్‌లో వాళ్ళ వీధిలో కొత్త షాపు తెరిచారు. ముందుగా వెళ్ళిన పిల్లలకు ఊరికే ఒక బెలూనూ, ఒక చాక్లెట్టూ ఇచ్చారు. తబస్సుమ్‌కు కూడా ఇచ్చారు. బోణీ అంటే అదే అయ్యుంటుంది. మొదట వెళ్ళినవాళ్ళకు బహుమతి! ఆంటీ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తన కోసమే దాచింది. ఎంత మంచి ఆంటీయో!

మర్నాడు పొద్దున్నే నానీ కొంగుముడి విప్పి ఒక నోటు తీసింది. "ఇదిగో, ఇది పట్టుకెళ్ళు."

"ఎందుకు నానీ? అక్కర్లేదు. నాకు తెలుసుగా!" అని తబస్సుమ్ ఒక్క గెంతులో గుమ్మం దాటేసింది. పండక్కి వచ్చిన ఈదీ డబ్బులు పట్టుకెళ్తోంది కాబోలని నానీ ఊరుకుంది.

కొట్టు గడపకు పసుపు రాశారు. మామిడాకులు కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. అగరొత్తుల వాసన వీధిలోకి వస్తోంది. అప్పుడే నలుగురు కొట్టు ముందు చేరారు. ఆవాలకు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. సబ్బు కోసం ఒక ముసలాయన వచ్చాడు. ఆటో నడిపే అంతోనయ్య టీపొడి కోసం ఆటో ఆపాడు.

"ఒక్క నిమిషం ఆగండన్నయ్యా. బోణీ ఈ పిల్ల చేస్తుంది" అంది శివపార్వతి. "రామ్మా తబస్సుమ్. ఏం తీసుకుంటావు?"

తబస్సుమ్‌కు చిప్స్ కావాలనిపించింది. బిస్కెట్లు కూడా కావాలనిపించింది. కానీ ఊరికే ఇచ్చేటప్పుడు అత్యాశ పడకూడదు కదా! బుద్ధిగా ఒక చిన్న చాక్లెట్టు చూపించింది. శివపార్వతి చాక్లెట్టు ఇచ్చి, నవ్వుతూ కుడిచెయ్యి చాపింది.

తబస్సుమ్ ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది.

"థాంక్యూ ఆంటీ! కంగ్రాట్స్!"

ఆ మాట అనేసి ఇంటికి తుర్రుమంది.

శివపార్వతి చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. అంతోనయ్య నోరు తెరిచాడు.

"ఉత్తచేతుల బోణీయా! బాగుంది సంబడం!" అంది రావమ్మ.

"డబ్బులు మర్చిపోయి ఉంటుందత్తయ్యా. చిన్నపిల్ల. తెస్తుందిలెండి."

కొంచెంసేపు చూశారు. తబస్సుమ్ రాలేదు. ఎలా వస్తుంది? ఇంట్లో అమ్మీ పక్కన ఫ్యాను కింద కూర్చుని చాక్లెట్టు చప్పరిస్తోంది మరి.

"అమ్మాయ్, ఆ బోణీ ఏదో నేనిస్తాను, పుచ్చుకో. బస్టాండులో గిరాకీ పోతోంది నాకు" అన్నాడు అంతోనయ్య.

"వద్దన్నయ్యా. పిల్లకి మాటిచ్చాను. వస్తుంది."

పూజిత పక్కింటికి పరిగెత్తింది. "ఏయ్, త్వరగా రావే! అమ్మ నీ కోసం అందర్నీ ఆపేసింది!"

తబస్సుమ్ తెల్లబోయింది. మళ్ళీ ఎందుకు? ఫోటో తీస్తారా? రిబ్బను కత్తిరించాలా? అడిగితే పోయేదానికి, దాని నోరు మళ్ళీ ఆ పాత మాటే అంది.

"ఆ, తెలుసులే. ఫ్రాకు మార్చుకుని వస్తా."

ఫోటో అయితే మంచి ఫ్రాకు ఉండాలిగా! పెట్టె వెతికి, ఈదు పండక్కి కుట్టించిన ఫ్రాకు తీసి వేసుకుంది. తల దువ్వుకుంది. పౌడరు రాసుకుంది. తయారై బయటకొచ్చేసరికి అంతోనయ్య ఆటో స్టార్టయి వీధి చివరకు పోతోంది. ఆవాలకు వచ్చిన ఇద్దరూ సంచులు ఊపుకుంటూ మెయిన్ రోడ్డు వైపు నడుస్తున్నారు. సబ్బు ముసలాయన ఒక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

"చెప్పానా?" అంటోంది రావమ్మ. "బోణీయే లేదు, ఇంక బేరాలా! వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతున్నారు. ఇవాళ మార్టుకు పోయినవాళ్ళు రేపు మన కొట్టుకొస్తారా?"

"ఇంకొక్క ఐదు నిమిషాలు అత్తయ్యా" అంది శివపార్వతి. మొహం పక్కకు తిప్పి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పూజిత అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది.

తబస్సుమ్ కాళ్ళు ఆగిపోయాయి. ఇది ఫోటో కాదు, రిబ్బనూ కాదు. తను చేయాల్సింది ఇంకేదో ఉంది. అది చేయనందుకే ఆంటీ ఏడుస్తోంది.

వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి దాక్కోవాలనిపించింది. కడుపునొప్పి అని పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. కానీ ఆంటీ ఇంకా తమ గుమ్మం వైపే ఆశగా చూస్తోంది. ఛ, ఇంత మంచి ఆంటీని ఇంకా నిలబెట్టడమేంటి!

పరుగున వచ్చి కొట్టు ముందు నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆంటీ! బోణీ అంటే ఏంటో నాకు తెలీదు! తెలుసని అబద్ధం చెప్పాను!"

అరుగు మీది ముసలాయన కిసుక్కుమన్నాడు. రావమ్మ విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎదురింటివాళ్ళు కూడా నవ్వారు. తబస్సుమ్ చెవులు వేడెక్కిపోయాయి. మెల్లగా ఒక కన్ను తెరిచి పూజితను చూసింది.

పూజిత నవ్వడం లేదు. "నన్నడిగితే చెప్పేదాన్నిగా, మొద్దూ!" అంది, వచ్చి పక్కన నిలబడి.

శివపార్వతి తబస్సుమ్‌ను దగ్గరికి తీసుకుంది. "ఓసి పిచ్చిపిల్లా! కొట్టు తెరిచాక మొట్టమొదట డబ్బిచ్చి కొంటారు చూడు, అదే బోణీ. అది నవ్వుతూ, అరువు లేకుండా జరిగితే రోజంతా బేరాలు బాగుంటాయని కొట్టువాళ్ళ నమ్మకం. మనసుకదో ధైర్యం. అందుకే మనకిష్టమైన వాళ్ళ చేత చేయిస్తాం."

"మీరు చెయ్యి చాపింది డబ్బుల కోసమా?"

"మరి? నువ్వేమో షేక్ హ్యాండిచ్చి పోయావు!"

ఈసారి తబస్సుమ్‌కు కూడా నవ్వొచ్చింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మస్కట్‌లో షాపు తెరిచినప్పుడు పిల్లలకి చాక్లెట్లు ఊరికే ఇచ్చారు ఆంటీ. ఇది కూడా అదే అనుకున్నా. సారీ ఆంటీ!"

"విడమరిచి చెప్పకపోతే దానికెలా తెలుస్తుందే పార్వతీ? తప్పు మనదీ ఉంది" అంది రావమ్మ. ఇందాక మాట్లాడింది తాను కానట్టే అంది.

గొడవ విని నానీ అప్పటికే వచ్చేసింది. పొద్దున్న వద్దన్న నోటునే మనవరాలి చేతిలో పెట్టింది.

"తీపితో మొదలుపెడదాం" అని శివపార్వతి ఒక బెల్లం అచ్చు కాగితంలో చుట్టి ఇచ్చింది. తబస్సుమ్ నోటు రెండు చేతులతో అందించింది. తిన్న చాక్లెట్టు సంగతి కూడా గుర్తుచేసి, దానికీ కలిపి తీసుకోమంది. శివపార్వతి ఆ నోటును కళ్ళకద్దుకుని, దేవుడి పటం ముందుంచి, గల్లాపెట్టెలో వేసింది. ఆమె మొహం చూసి తబస్సుమ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఆంటీ, వాళ్ళింకా ఎంతో దూరం పోయుండరు!"

అంటూనే పరుగందుకుంది. ఈదు ఫ్రాకు మట్టి కొట్టుకుపోతుందని అమ్మీ గుమ్మంలోంచి అరుస్తున్నా వినలేదు. పూజిత వెంటపడింది. వీధి మలుపులో ఆవాలవాళ్ళు దొరికారు. మెయిన్ రోడ్డు మీద అంతోనయ్య ఆటో, మామిడికాయల లారీ వెనక ఇరుక్కుని ఆగి ఉంది.

"పెదనాన్నా! బోణీ అయిపోయింది! టీపొడికి రండి!" అని తబస్సుమ్ అరిచింది. "ఆలస్యం నా వల్లే! ఆంటీది తప్పు కాదు!"

అంతోనయ్య నవ్వి ఆటో తిప్పాడు. ఇద్దర్నీ ఎక్కించుకుని మరీ తీసుకొచ్చాడు. ఆవాలవాళ్ళు కూడా గొణుక్కుంటూనే వెనక్కి వచ్చారు. వాళ్ళతో పాటు, ఈ హడావుడి ఏంటో చూద్దామని ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి, చూసినందుకు సబ్బో చిక్కీయో కొనుక్కున్నారు. రావమ్మ మంచం దిగి కాగితం పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. "ఆ మార్టుల్లో ఇలా కొసరు వేస్తారా?" అని వచ్చినవాళ్ళతో ఆవిడే అంటోంది.

శివపార్వతికి ఊపిరాడటం లేదు. ఒకచోట తూకం, ఒకచోట చిల్లర.

"పిల్లలూ, లోపల డబ్బాలోంచి జీలకర్ర పట్రండి. ఈవిడ త్వరగా వెళ్ళాలిట!"

ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. పక్కపక్కనే రెండు డబ్బాలున్నాయి. రెంటిలోనూ సన్నగా, పొడుగ్గా గింజలు. ఒకటి కొంచెం పచ్చగా, ఒకటి కొంచెం గోధుమరంగులో ఉంది.

తబస్సుమ్ పూజిత వైపు చూసింది. పూజిత నేల వైపు చూసింది.

"ఒకటి సోంపు, ఒకటి జీలకర్ర. ఏది ఏదో నాకు తెలీదే" అంది పూజిత గుసగుసగా. "కొట్టువాళ్ళ అమ్మాయిని అయ్యుండీ తెలీదంటే అందరూ నవ్వుతారే. ఏదో ఒకటి తీసుకెళ్ళిపోదామా?"

తబస్సుమ్ రెండు డబ్బాలూ చెరో చంకన పెట్టుకుంది. పూజితను ఒక చేత్తో లాక్కుంటూ, జనం నిండిన కొట్టులోకి వచ్చేసింది.

"ఆంటీ, మా ఇద్దరికీ తెలీదు! వీటిలో జీలకర్ర ఏదో చెప్పరా?"