వాగొడ్డు పంపు షాఫ్టు

టేకుమట్ల అవతల వాగొడ్డున ఒక మోటరు గది ఉంది. పొద్దుగూకితే తండావాళ్లెవరూ ఆ పక్కకు పోరు. పంపు నడిపే మాన్‌సింగ్ కండువా ఒకనాడు తిరిగే షాఫ్టుకు చుట్టుకుంది... విడిపించేలోపే ప్రాణం పోయింది. అప్పటినుంచి కరెంటు లేని రాత్రుల్లో కూడా ఆ షాఫ్టు తిరుగుతుందంటారు — అదీ తిరగేసి, ఎడమకు.

పిల్లలకు నేను దయ్యాల్లేవనే చెబుతాను. ఇది మాత్రం మెకానిక్ ఐలేశ్ నాకు చెప్పింది చెప్పినట్టే.

సకల జనుల సమ్మె రోజులు. బడులు మూతబడ్డాయి, బస్సులు నిలిచాయి, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. అట్లాంటప్పుడు ఆ పంపు షాఫ్టు అరిగింది. బేరింగు కూర్చునే చోట వదులై, లొడలొడ కొట్టుకుని ఆగిపోయింది. విప్పి వరంగల్‌లో లేతు మిషను మీద పట్టిద్దామంటే దారి పొడుగునా రాస్తారోకోలే. ఆ పంపు వాగు నీళ్లను గుట్ట మీది ట్యాంకుకెక్కిస్తేనే పొలాలకు పారేది. తండా రైతు రాంజీ వరి పొట్టకొచ్చి ఉంది. మడి నెర్రెలు విచ్చింది. ఆ రాత్రి కరెంటొచ్చే వేళకు పంపు నడవకపోతే గింజ పట్టదు.

"జర నువ్వే దిక్కన్నా," అని రాంజీ కాళ్లావేళ్లా పడ్డాడు.

ఐలేశ్ చీకట్లోనే ఆ గదిలోకి పోయాడు. అరిగిన చోట, ఆరితే ఇనుములా గట్టిపడే లప్పం మెత్తాడు. గట్టిపడ్డాక ఆకురాయితో రుద్ది, బేరింగుకు సరిపోయేలా గుండ్రంగా దించాలి. దానికి షాఫ్టు ఒకే తీరుగా తిరుగుతుండాలి. రాంజీ చేతులతో తిప్పాడు... కుదుపులకు ఆకురాయి ఒక పక్కే కోస్తోంది.

"గిట్లయితే లప్పం ఊడుతది," ఐలేశ్ తల పట్టుకున్నాడు. అంతలో ట్యాంకు యాదికొచ్చింది. "మీ దయ్యం సంగతి చెప్పాల్నా? ట్యాంకు నీళ్లు పైపులకెల్లి ఎనకకు జారితే షాఫ్టు తిరగేసి తిరుగుతది. గంతే! గా నీళ్లతోనే పని కానిద్దాం."

"దయ్యం లేదంటవు. మరి తలుపెందుకు బార్లా తెరిచినవన్నా?" అంది గడపలో నిలబడ్డ రాంజీ భార్య తారి.

"గాలికి, చెల్లె! పో, గుట్టెక్కి వాల్వు తిప్పు."

తారి టార్చి తీసుకుని పోయింది. సెల్‌ఫోను వెలుతురులో ఇద్దరే మిగిలారు.

కాసేపటికి... షాఫ్టు కదిలింది. ఎడమకు. మెల్లగా, ఒకే తీరుగా.

"చూసినవా!" నవ్వాడు ఐలేశ్. ఆకురాయి ఆనించాడు. లప్పం పొడి సన్నగా రాలుతోంది. బేరింగు పెట్టి చూశాడు — ఇంకా వెంట్రుకవాసి దిగాలి.

గడపలో అడుగుల చప్పుడు. తారి. రొప్పుతోంది.

"అన్నా... వాల్వు తుప్పు వట్టింది, తిరుగుతలేదు. తిరిగినా ఏం లాభం? ట్యాంకుల సుక్క లేదు... అడుగంత ఎండి పగిలింది."

ఐలేశ్ చేయి గాల్లోనే ఆగింది.

షాఫ్టు ఆగలేదు.

ఐలేశ్ వెనక్కి అడుగేశాడు. రాంజీ అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టు వదల్లేదు.

"ఎవలు తిప్పితేందన్నా," అన్నాడు రాంజీ. "నా పొలం సస్తాంది. తిరిగినంతసేపు రుద్దు."

ఐలేశ్ కళ్లు మూసుకుని ఆకురాయి ఆనించాడు.

షాఫ్టు కొంచెం నెమ్మదించింది — చివరి నున్నటి రాపిడికి ఎంత నెమ్మది కావాలో, అంతే.