చీచా కుండలో మందు వాసన

కోడి కూసీ కూయకముందే సతుర్నినా పరుగెత్తుకొచ్చి డిటెక్టివ్ ఉస్కమైతా గారి తలుపు బాదింది. జడలు ఊడిపోయాయి, టోపీ ఎక్కడో జారిపోయింది.

"అయ్యా, నా కొంప మునిగింది! నా చీచాలో ఎవరో మందు కలిపారు!"

ఆయన తమ్ముడి కూతురు రుఫీనాయే ఆయనకి అసిస్టెంటు. పెదనాన్న నోరు విప్పితే చాలు, మురిసిపోతుంది. ఆమె సతుర్నినాని కూర్చోబెట్టి సంగతి రాబట్టింది. వానలకి కూలిన సతుర్నినా ఇంటికప్పుని ఊరంతా కలిసి మళ్లీ ఎత్తుతోంది. ఇవాళ దూలాలెక్కుతాయి. కూలి అడగని ఆ ఊరికి ఇంటావిడ తన చేత్తో కాచిన చీచా, అంటే మొక్కజొన్న బీరు, పోసి దణ్ణం పెట్టుకోవాలి. అది చెడిందంటే ఊరి మొహాన ఉమ్మినట్టే.

"ఎవరి మీదైనా అనుమానమా?" అడిగారు ఉస్కమైతా గారు.

"ఇంకెవరు, పక్కింటి ఫోర్తునాతా! మూడు కుండల్లో రెండు పాడయ్యాయి. బాగున్న మూడోది తను ఎరువిచ్చిన కుండ! తన సొమ్ము కాపాడుకుంది మహాతల్లి. చిన్నప్పట్నుంచీ ఒక కంచంలో తిన్నాం. ఇవాళ్టితో సరి!"

వాళ్లు సతుర్నినా ఇంటికి వెళ్లేసరికి ఫోర్తునాతా గోడ మీంచే అందుకుంది. "మా గొర్రె ఈనింది, దొడ్లోంచి కదిల్తే ఒట్టు! అయినా నీ చీచా చెడగొట్టడానికి నేనెందుకే, నువ్వు చాలవూ?"

సతుర్నినా కోడలు యెసేనియా గ్లాసులు తెచ్చింది. నీలం లంగా, దాని మీద అక్కడక్కడా తెల్లమచ్చలు. ఉస్కమైతా గారు చెడిన చీచా రుచి చూశారు.

"పులుపు లేదు, కుళ్లు లేదు. ఆసుపత్రి కట్టు వాసన. మూడు కుండల్లోనూ ఒకే కాపా? ఒకే తోడా?"

"ఒకటే అయ్యా."

చెడిన కుండ ఒంపించి లోపల వేలితో రుద్ది చూశారు. కుమ్మరి ఆవం నుంచి ఇప్పుడే తీసినట్టు మరక లేకుండా ఉంది. ఫోర్తునాతా కుండ లోపల మాత్రం నల్లగా, జిడ్డుగా ఉంది.

"అందర్నీ పిలు రుఫీనా."

పనివాళ్లు దూలాలు దించి చుట్టూ చేరారు.

"కాపు ఒకటే అయితే తప్పు కుండది," అన్నారాయన. "చీచా కుండని మన ఆడవాళ్లు నీళ్లతో తొలిచి గడ్డితో రుద్దుతారంతే. ఈ రెంటినీ ఎవరో బ్లీచింగ్‌తో తోమారు. మట్టి ఊరికే ఉంటుందా? పీల్చుకుని చీచాలోకి కక్కింది. ఎరువు కుండని మాత్రం, పరాయివాళ్లదని ముట్టుకోలేదు. పగవాళ్లకి అంత మర్యాద ఉండదు. బ్లీచింగ్ చిందితే నీలం బట్ట మీద తెల్లమచ్చలు పడతాయి. ఏమ్మా, యెసేనియా?"

యెసేనియా లంగా మీది మచ్చలకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కాన్పులో నేను చావుబతుకుల్లో ఉంటే అత్తయ్య ఆసుపత్రి నేల మీదే పడుకుంది. అక్కడన్నీ దాంతోనే కడిగేవారు. నేను లీమా పట్నం పిల్లని, ఈ కుండల సంగతి నాకేం తెలుసు? అత్తయ్యకి ఏదైనా చెయ్యాలనిపించి, నల్లగా ఉన్నాయని శుభ్రం చేశాను."

రుఫీనా కళ్లు తుడుచుకుంది.

"మా ఇంట్లో నిండు కుండ చీచా ఉంది, పట్టండి," అంది ఫోర్తునాతా.

"నిన్నింత మాటన్నానే, నాకెందుకిస్తావు?"

"నా కప్పు ఎగిరిపోయిన ఏడు దూలం మోసిందెవరే? నోర్మూసుకుని ఆ పక్క పట్టు."

దూలాలెక్కాయి. సతుర్నినా భూమాతకి కాస్త ఒలికించి, మొదటి గ్లాసు కోడలికిచ్చింది.

"అత్తయ్యా, ఇది మేస్త్రీ గారిది కదా!"

"ఆగుతాడు లేవే. నువ్వు బతికొచ్చినందుకు నేనింకా ఎవరికీ చీచా పొయ్యలేదు."