నూట పదో పేజీ దాకా మంచివాడే

"హీరో అచ్చం మీలాగే ఉంటాడన్నారు. ఇప్పటికీ అదే మాట మీదున్నారా?"

నవలని కాఫీ గ్లాసు పక్కన పెడుతూ అడిగింది గీతిక. శ్రీనివాసరాజు ముఖం వెలిగిపోయింది, పాపం.

"ఆయ్, అదే మాటండి. నచ్చాడా?"

"పెళ్లాన్ని గదిలో పెట్టి తాళం వేశాడండి."

ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. బయట వాన దంచుతున్నా అతనికి చెమట పట్టింది.

పెళ్లిచూపులై పది రోజులైంది. అతనివి భీమవరం పక్కన రొయ్యల చెరువులు. ఆమెది పాలకొల్లులో బ్యాంకు ఉద్యోగం, దానికి తోడు నవలల పిచ్చి. ఆదివారానికల్లా ఏ సంగతీ చెప్పమని గీతిక నాన్న సత్యనారాయణరాజు గడువు పెట్టారు. ఆమెని మెప్పించాలని శ్రీనివాసరాజు ఏరికోరి ఒక ప్రేమ నవల కొనిచ్చాడు. అది సగం దాటాక ప్రేమ నవలగా ఉండటం మానేసింది.

"మీరు ఎందాకా చదివారు?"

"నూట పదో పేజీ దాకానండి." తల దించుకున్నాడు. "చెరువులో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తామండి. అందులోకొచ్చిన రొయ్యలు బాగుంటే చెరువంతా బాగున్నట్టే. పుస్తకమూ అంతేననుకున్నాను."

"చెరువుకి ఎన్ని ట్రేలు పెడతారు?"

"నాలుగండి."

"పుస్తకానికి ఒకటి చాలా?"

గీతిక నవ్వేసింది కానీ, లోపల నవ్వు లేదు. నవలలో హీరో కూడా మొదట్లో బస్సెక్కావా, దిగావా, తిన్నావా అంటూ ఊపిరాడకుండా ఫోన్లు చేశాడు. మొన్న ఆమె మీటింగులో ఉండి ఎత్తకపోతే శ్రీనివాసరాజు నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. అప్పుడు ముచ్చటేసింది. నవల ముగించాక భయమేసింది.

"మిగతాది చదవండి. చదివాక కూడా వాడు మీలాగే ఉన్నాడంటే నాన్నగారికి వద్దని చెప్పేస్తాను."

మూడు రోజులు ఫోన్ లేదు. శుక్రవారం సాయంత్రం బ్యాంకు మెట్ల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తను సగం తడిసినా, ప్లాస్టిక్ సంచిలో పుస్తకం మాత్రం పొడిగా ఉంది.

"మొత్తం చదివానండి. చదువుతూ మేత సంగతి మర్చిపోతే మా చెరువు కాపలా చిట్టియ్య తిట్టాడు కూడా."

"ఏం తేలింది మరి?"

"తాళం వేసినప్పుడు వాణ్ణి తన్నాలనిపించిందండి." సంచి ఆమె చేతికిచ్చాడు. "తర్వాత మొదటి వంద పేజీలూ మళ్లీ చదివాను. ఆ ఫోన్లూ, ఎక్కడున్నావన్న ఆరాలూ నాకు ముందు ప్రేమలాగే కనిపించాయి. నేనూ పదకొండుసార్లు చేశాను కదండి. మీరు భయపడే ఉంటారు."

అతన్ని ఆటపట్టించడానికి దాచుకున్న మాటలన్నీ గీతిక మర్చిపోయింది. తను నోరు విప్పి చెప్పలేని మాట అతనే చెప్పాడు. కళ్లు చెమర్చాయి.

"భయపడ్డానండి."

"ఇంకెప్పుడూ చెయ్యను."

"అసలు చెయ్యకపోతే ఎలాగండి? ఒక్కసారి చెయ్యండి. ఎత్తకపోతే పనిలో ఉన్నాననుకోండి."

"ఇది రెండో ట్రే అన్నమాట."

"ఆయ్!" అంది అతన్ని వెక్కిరిస్తూ. గొడుగు కిందకి వచ్చి బస్టాండు దాకా నడిచింది.

ఆదివారం పది గంటలకి ఫోన్ మోగింది. గీతిక కావాలనే ఎత్తలేదు. ఆగిపోయింది.

పావుగంటైంది. అరగంటైంది. రెండోసారి మోగలేదు. చివరికి సిగ్నల్ ఉందో లేదోనని తనే ఫోన్ తీసి చూసుకుంది.

"ఏంటమ్మా, ఏ సంగతీ చెప్పవా?" పేపరు మడిచారు సత్యనారాయణరాజు.

"ఒక్క నిమిషం నాన్నగారూ," అంటూ తనే ఫోన్ చేసింది. సగం రింగుకే ఎత్తాడు.

"పనిలో ఉన్నారేమో అనుకున్నానండి."

"పనిలోనే ఉన్నాను. మీరు మళ్లీ చేస్తారేమోనని చూసే పని." స్పీకర్ నొక్కి నాన్న ముందు పెట్టింది. "నాన్నగారూ, ఈ సంబంధం నాకిష్టమేనండి."

అవతల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల హోరు వినిపిస్తోంది. ఆ హోరుని మించి ఒక కేక లేచింది.

"చిట్టియ్యా! ఒరేయ్ చిట్టియ్యా! ఇలా రారా!"