ఉప్పు ప్యాకెట్ సాక్ష్యం

తలుపు తీసీ తీయగానే ఓ అమ్మాయి ఎడమచేత్తో పసిపాపను అదుముకుని లోపలికొచ్చింది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఈ చెయ్యే మా కోచ్‌గారిని చంపిందండీ. దీంతో పాపను ముట్టుకోవడం లేదు. కళ్లు మూస్తే చాలు, వేలు దానంతటదే ముడుచుకుంటోంది."

ఊళ్లో అందరూ డిటెక్టివ్ వదినగారు అని పిలిచే ఆవిడ కుర్చీ జరిపింది. ఆవిడకు సహాయకురాలు సొంత తోటికోడలే. గబగబా మంచినీళ్లు తెచ్చింది.

"ఏం జరిగిందమ్మా?"

"పిస్టల్ పోటీకి సాధన చేస్తున్నా. తూటా పెట్టి ఎత్తుతుంటే, నిలబడే తీరు సరిచేద్దామని కోచ్‌గారు పక్కనుంచి ముందుకు వంగి భుజం తట్టారు. ఉలిక్కిపడ్డాను. పేలిపోయింది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది గానీ నేను నొక్కలేదు. ఎవరూ నమ్మరు. మా అన్నయ్య కూడా."

"అన్నయ్య ఏం చేస్తుంటాడు?"

"క్లబ్బులో పరికరాల తనిఖీ ఆయనదే. నా పిస్టల్ బాగుచేసేదీ ఆయనే. ట్రిగ్గర్‌కి కిలో బరువు వేలాడదీసినా కదలకూడదని రూలు. పోలీసుల ముందు కూడా అన్నయ్యే వేలాడదీశాడు, కదల్లేదు." గొంతు తగ్గించింది. "ఈమధ్య నేననుకోకముందే పేలినట్టుండేది. అన్నయ్యతో అంటే, నీ చెయ్యి తిరిగిందే పిచ్చిదానా అని నవ్వాడు."

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి క్లబ్బు బావురుమంటోంది. కోచ్ టోపీ ఇంకా మేకుకే ఉంది. దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు. తోటికోడలు తనిఖీ బల్ల మీది బరువులు చూసి, "అక్కా, అన్నీ రంగు పోయాయి. ఈ కిలోది ఒక్కటే కొత్తపెళ్లికూతురిలా మెరుస్తోందేం?" అంది.

వదినగారు దాన్ని అరచేతిలో పెట్టి తూచినట్టు చూసి, దించేసింది.

సాయంత్రం అమ్మాయిని, అన్నను, క్లబ్బు సెక్రటరీని, ఇన్‌స్పెక్టర్‌ని అక్కడికే పిలిపించింది. తోటికోడలు కూరల బండివాడి తక్కెడ అరువు తెచ్చింది.

"హంతకుణ్ణి తూస్తారా అన్నాడక్కా!"

"ఇంచుమించు అంతే."

ఒక సిబ్బెలో ఆ బరువు, రెండోదాంట్లో కిలో ఉప్పు ప్యాకెట్. ఉప్పు ధబ్బున దిగింది. బరువు పైకి తేలిపోయింది.

"అడుగున తొలిచి, మైనం కూరి, రంగు పూశారు," అంది వదినగారు.

ఇన్‌స్పెక్టర్ ఖాళీ పిస్టళ్లు తెచ్చాడు. ఉప్పు ప్యాకెట్‌ని తాడుకి కట్టి ఇంకొకరి పిస్టల్ ట్రిగ్గర్‌కి వేలాడదీశారు. కదల్లేదు. అమ్మాయిదానికి తగిలించారు.

టక్.

ఆ చప్పుడుకి ఆమె కుడిచెయ్యి కొంగు కింద ఇంకా లోపలికి లాక్కుంది.

"ట్రిగ్గర్ తేలికైతే గురి చెదరదు, మార్కులు పెరుగుతాయి. కానీ ఉలికిపాటుకి కూడా పేలుతుంది. మనసు నొక్కమంటేనే పేలాలని పెట్టిన అడ్డు ఆ కిలో. దాన్ని తీసేసినవాడు పోలీసులకూ అదే దొంగబరువు చూపించాడు. ట్రిగ్గరూ బరువూ రెండూ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి," అంది వదినగారు.

అన్న గోడకి చేరగిలబడ్డాడు. "నువ్వు గెలవాలనే కదే..."

"మరి నన్ను హంతకురాలంటుంటే ఎలా ఊరుకున్నావన్నయ్యా?"

అతను మేకుకున్న టోపీ వైపు చూసి తల దించేసుకున్నాడు.

తోటికోడలు పాపను తెచ్చి అమ్మాయి ఒళ్లో పెట్టింది. "రెండు చేతులా ఎత్తుకోమ్మా. ఇది నువ్వు చేసింది కాదు."

ఆమె కొంగు తప్పించి కుడిచెయ్యి పాప వీపు మీద మెల్లగా ఆనించింది. చూపుడువేలు మాత్రం పాపకు తగలకుండా చాచి పట్టుకుంది.