శీతజ్యోతి

అంగారకుడి మీద అగ్గిపుల్ల గీయడం నేరం. గాజు గుమ్మటం కింద బతికే ఆ కాలనీలో వంట కూడా మంట లేకుండానే సాగేది. అక్కడి మట్టిలో అరకొరగా దొరికే పెర్‌క్లోరేట్ లవణాన్ని విడగొట్టి తీసిన ఆక్సిజనే అందరికీ ఊపిరి. భూమి మీద టపాసుల మందు మండటానికి ప్రాణవాయువును అందించేదీ అలాంటి లవణమే. అంటే అక్కడ చిచ్చుబుడ్డి వెలిగిస్తే కాలేది మనుషుల ఊపిరే.

రసాయన శాస్త్రవేత్త హైమావతి భూమిని వదిలి చాలా ఏళ్లయింది. దీపావళి దగ్గర పడిందంటే ఆమెకు అన్నం సయించేది కాదు. భీమిలి ఇసుకలో తమ్ముడితో కలిసి కాల్చిన మతాబులు కళ్లలో మెదిలేవి. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. తనలాగే బెంగపడేవాళ్లు కాలనీ నిండా ఉన్నారని ఆమెకు తెలుసు. వాళ్ల కోసమే శీతజ్యోతిని కనిపెట్టింది.

గుమ్మటం రెండు గాజు పొరల నడుమ లోహ లవణాల ఆవిరిని పలచగా నింపి, లేజర్ కిరణంతో తట్టి లేపుతుందా యంత్రం. మంట వేడి చేసే పనే ఇది: ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగిరి, కిందికి దిగుతూ తన రంగు వెలుగును చిమ్ముతుంది. స్ట్రాన్షియంది ఎరుపు, బేరియంది ఆకుపచ్చ. రాగి నీలమే మొండిది. మంట వేడికి రాగి క్లోరైడ్ చెదిరిపోయి ఆ రంగు ఎప్పుడూ వెలవెలబోయేది. ఇక్కడ వేడే లేదు గనుక, మనిషి ఎన్నడూ చూడనంత చిక్కటి నీలం గుమ్మటమంతా విరిసింది.

జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మౌనంగా ఇళ్లకు వెళ్లిపోయారు.

వారం తిరక్కుండానే గాలి సరఫరా చూసే ఇంజనీరు యోహాను ఆమె ప్రయోగశాలకు వచ్చాడు. శీతజ్యోతి చూసినప్పటి నుంచి జనం ఒక్కొక్కరే తన దగ్గరికొచ్చి, ఒక్క నిజమైన చిచ్చుబుడ్డి కాల్చమని బతిమాలుతున్నారని చెప్పాడు. అందుకు తమ వాటా గాలి తగ్గించుకుంటారట.

“ఆయాసం వస్తుందని చెప్పలేదా?”

“చెప్పాను. వస్తే రానీ అన్నారు.”

హైమావతికి కోపం వచ్చింది. ఆ కోరిక తీర్చడానికే కదా ఇన్నేళ్లు కష్టపడింది! తీరా చూస్తే దాన్ని ఇంకా రాజేసినట్టయింది. “నా నీలంలో ఏం తక్కువైంది?” అంది.

“ఏమీ తక్కువ కాలేదు హైమా. మా అమ్మ వెలిగించిన వాటిలో నీలం ఇంత బాగుండేది కాదు. నీది చూశాక ఆమె మరీ గుర్తొస్తోంది.”



“నా వాటా కూడా తగ్గించు,” అంది హైమావతి.

పాలకమండలి ముందు కుదరదంది, తర్వాత ఒక్కదానికి ఒప్పుకుంది. మందు హైమావతే కలిపింది. ఆ సాయంత్రం పలచబడిన గాలిలో రొప్పుతూ అందరూ మైదానంలో చేరారు. నిప్పు సర్రున లేచింది. నీలం పాలిపోయి, తెల్లబోయి, ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. ఇక్కడే పుట్టిన పిల్లలు జడుసుకుని ఏడ్చారు. పెద్దలూ ఏడ్చారు, అయితే అది భయం వల్ల కాదు.

పొగ లాగేసే ఫ్యాన్ల మీట దగ్గరికి యోహాను చెయ్యి వెళ్లింది. హైమావతి ఆ చేతిని పట్టుకుంది.

“కాసేపు ఉండనీ,” అంది దగ్గుతూ.