తూర్పు వసారాలో పాటల గది

ఆ ఆసుపత్రిలో తూర్పు వసారా చివరి గదికి చెడ్డ పేరుంది. పొద్దుగూకాక అటువైపు ఎవరూ వెళ్లేవాళ్లు కాదట.

తుడిచే కాల్బూబూ అయితే, వసారా మలుపు దగ్గరే చీపురు పడేసి వచ్చేసేది. "నాకు జీతమిచ్చేది తుడిచినందుకు... చచ్చినందుకు కాదు" అనేది.

ఆ గదిలో అల్బార్స్తీ ఉందని చెప్పుకునేవారు. నిద్రపోయేవాళ్ల గుండెల మీద కూర్చుని ఊపిరితిత్తులు లాక్కుపోయే ఆడదెయ్యం. ఆ కిర్గిజ్ కొండల్లో దాని పేరెత్తితే పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. అందులోనూ అది బొగ్గు పొడికి, పొగకి ఛాతీ చెడినవాళ్ల ఆసుపత్రి. అసలే ఊపిరి కోసం అల్లాడే జనం... ఇక చెప్పాలా!

హెడ్ నర్సు జూరకాన్ పైకి నమ్మనట్టే ఉండేది. ఆవిడ నడిచొస్తుంటే వార్డంతా దుప్పట్లు సర్దుకునేది. అంతటి మనిషీ రాత్రి రౌండులో ఆ మలుపు దాకా వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగేది.

ఆవిడ భయానికి వేరే కారణముంది.

రెండేళ్ల కిందట బురుల్చా అనే పెద్దావిడ వారానికి రెండుసార్లు తన కొముజ్ వాద్యం పట్టుకొచ్చి, ఆ గదిలో మూడు తీగలూ మీటుతూ రోగుల చేత పాడించేది. కాలక్షేపానికి కాదు. ఒక్కో చరణం తెగకుండా లాగాలి... అంతసేపూ ఊపిరి మెల్లగా వదలాలి. అలా పాడీ పాడీ, మెట్లెక్కలేనివాళ్లు ఎక్కారు. ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు లేచి కూర్చుని, పక్కవాడికి తాళం తప్పిందని పోట్లాడుకున్నారు.

అంతలో పెద్ద డాక్టరు బెక్తెమీర్‌కి ఆ గది సామాన్లు పెట్టుకోడానికి కావాల్సొచ్చింది. "పాడాక ఒకడు రక్తం కక్కాడని రాసివ్వు" అన్నాడు జూరకాన్‌తో.

వాడు రక్తం కక్కింది పాడటానికి ముందురోజు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అప్పటికి హెడ్ నర్సు కుర్చీ ఖాళీగా ఉందనీ తెలుసు.

రాసిచ్చింది.

బురుల్చా గొడవ పడలేదు. గేటు దగ్గర ఆగి, "చెల్లీ, నీ కళ్లతో చూశావా?" అని మాత్రం అడిగింది. జూరకాన్ తల వంచుకుంది. ఆ చలికాలంలోనే ముసలావిడ పోయింది. అది మొదలు... గదిలో ఏవో చప్పుళ్లు. సామాన్లు మోసేవాళ్లు రెండుసార్లు వెళ్లి, మూడోసారి రామన్నారు.

ఒక రాత్రి మంచు కురిసి కరెంటు పోయింది. జూరకాన్ టార్చి వేసుకుని ఆడవాళ్ల వార్డులోకి వచ్చింది. ఐజార్కిన్ మంచం ఖాళీ!

పంతొమ్మిదేళ్ల పిల్ల. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ చలిలో ఎక్కడైనా పడిపోతే తెల్లారేసరికి దక్కదు.

"ఏదీ పిల్ల?" అని పక్కమంచం ముసలమ్మని కుదిపింది.

"నాకేం తెలుసు తల్లీ..." అంది ముసలమ్మ. కానీ ఆమె చూపు తూర్పు వైపుకి పోయింది.

జూరకాన్ మొదటిసారి మలుపు దాటింది.

పది అడుగులు వేసిందో లేదో... టుంగ్. టుంగ్... టుంగ్.

కొముజ్!

ఆ మోత కింద ఏదో హోరు. ఒకటి కాదు, చాలా గొంతులు... అన్నీ ఒకే ఊపిరి వదులుతున్నట్టు. టార్చి చేతిలోంచి జారి ఆరిపోయింది.

"బురుల్చక్కా..." అంది చీకట్లోకి, సగం ఏడుస్తూ. "తప్పు చేశాను. నన్నేమైనా చెయ్... పిల్లని వదిలెయ్."

పాట ఆగిపోయింది.

తాళం తీసే ఉంది. కళ్లు మూసుకుని తలుపు తోసింది.

కిందపెట్టిన లాంతరు... చుట్టూ దుప్పట్లు కప్పుకుని తొమ్మిదిమంది రోగులు. వాళ్ల మధ్య ఐజార్కిన్. కాల్బూబూ ఒళ్లో కొముజ్!

జూరకాన్ గోడకి చేరగిలబడింది. ఏడుపు మధ్యే నవ్వొచ్చింది. "అయితే ఆ అల్బార్స్తీ మీరేనా! రెండేళ్లుగా హడలగొట్టి చంపారు కదే..."

ఎవరూ నవ్వలేదు. ముసలి గనివాడొకడు లాంతరు తన వెనక్కి జరుపుకున్నాడు.

"మేం కాదక్కా," అంది కాల్బూబూ, కళ్లెత్తకుండా. "అది... మీకు మేం పెట్టుకున్న పేరు. 'అల్బార్స్తీ వస్తోంది' అంటే గప్‌చుప్‌గా ఉండమని. సామాన్లవాళ్లు విని నిజం దెయ్యమనుకున్నారు. మంచిదేలే అని ఊరుకున్నాం."

జూరకాన్ గోడ వదిలి, వచ్చి వాళ్ల పక్కన నేల మీద కూర్చుంది.

"డాక్టరుకి చెప్పన్లే," అంది చివరికి. "ఆ కాగితం అబద్ధమని రేపు నేనే రాసిస్తాను. మీరు పాడండి... నేనూ వింటాను."

కాల్బూబూ తీగ మీటింది. ఒక్కరూ గొంతెత్తలేదు. మళ్లీ మీటింది. ఐజార్కిన్ నోరు తెరిచింది... దగ్గు తెర ముంచుకొచ్చింది. జూరకాన్ వీపు నిమరబోతే, పిల్ల ముడుచుకుపోయింది.

"మీరు వెళ్లిపోండక్కా," అంది రొప్పుతూ. "మీరుంటే... ఊపిరాడటం లేదు."

జూరకాన్ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. వెళ్లలేక అక్కడే నిలబడింది. దగ్గు తగ్గింది. ఇప్పుడు ఎత్తుకుంటారు... ఇప్పుడు... అని చెవులు రిక్కించింది.

తలుపు కింద వెలుగు ఆరిపోయింది.

లోపల్నుంచి పిల్ల గొంతు, గుసగుసగా:

"ష్... ఇంకా పోలేదు. తలుపు దగ్గరే ఉంది."