విశ్వాసమ్మ చేతి మచ్చ

జొన్నరొట్టె తడుతున్న తల్లి చేతి కింద పిండి మీద ఎర్రటి చుక్క పడింది. పొయ్యి ఎగదోస్తున్న కృపమణి అది చూసింది.

"నెత్తురు యాడిదిమ్మా?"

"చెయ్యి గీరుకున్యాలే," అంటూ విశ్వాసమ్మ ఆ కాస్త పిండీ గిల్లి పారేసి చేతి మీద కొంగు కప్పుకుంది.

ఏడాదిగా ఇదే నాటకం. నెత్తురు కారేది ఎడమ మణికట్టు పైన పుట్టుకతో వచ్చిన మచ్చ నుంచి. ఒకప్పుడు రాగిగింజంత ఉండేది. ఇప్పుడు చింతగింజంతై, అంచులు చెదిరి, ఒకచోట నలుపు, ఒకచోట నీలం తిరిగింది. మిషను ఆస్పత్రికి పోదామంటే ముందు క్రిస్మస్ అయిపోనీ అంది. తర్వాత పత్తి తీతలు కానీ అంది. ఆ తర్వాత పింఛను దినం పోనీ అంది. పసుపు అద్ది గుడ్డ చుట్టుకోవడమే ఆమె చేసుకున్న వైద్యం.

కృపమణి తల్లి చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పింది. మచ్చ నడుమ పుండు పడి ఉంది.

"ఈపొద్దు పోవాల్సిందే. ఆయన బండి కడతాడు."

"కోసేస్తారంట మే. నేను రాను."

"నొప్పికి భయమా?"

"నొప్పి కాదు. మచ్చ పోతే పింఛను కచేరీలో ఏం చూపించాల?"

కొడుకు ఏసన్న పటాలంలో చేరి జర్మనీ యుద్ధానికి పోయి, బస్రాలో చనిపోయి నాలుగేళ్లు. సర్కారు తల్లికి పింఛను ఇస్తోంది. ఆ కాగితంలో ఆమె గుర్తుగా రాసుకున్నది ఈ మచ్చనే.

కృపమణికి ఒళ్లు మండింది. "దుడ్ల కోసమా ఇన్నాళ్లూ దాచుకున్యావు? మేం నీకు రొట్టె పెట్టల్యామా?"

"పెద్దామెను అట్లనొద్దు," అన్నాడు గడపలో నిలబడ్డ ఆమె భర్త ప్రేమయ్య.

విశ్వాసమ్మ కూతురి పట్టు నుంచి చెయ్యి విడిపించుకుంది.

"దుడ్లు నువ్వే తీసుకో. ఆడ గుమాస్తా 'సిపాయి ఏసన్న తల్లి విశ్వాసమ్మ' అని గట్టిగా పిలుస్తాడు. నా కొడుకు పేరు నా చెవిన పడేది నెలకొక్కతూరి, ఆడనే. ఈ ఇంట్లో వాని పేరెత్తి నాలుగేండ్లాయ. ప్రార్థనలో గూడా ఎత్తరు."

నిజమే. తల్లి ఏడుస్తుందని, తమ్ముడి పేరు పలకొద్దని ఇంట్లో అందరికీ చెప్పింది కృపమణే. మంచి చేస్తున్నాననుకుంది. ఏం మంచో ఏమో.

ఆమె కూలబడి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. "ఏసన్న," అంది. మళ్లీ అంది. "కాగితంలో లేకున్నా ఏసన్న తల్లివి నువ్వే. పోదాం రామ్మా."

ఆస్పత్రిలో డాక్టరమ్మ మచ్చ కోసి తీసింది. చంకలో వేళ్లతో నొక్కి చూసి కృపమణిని పక్కకు పిలిచింది.

"ఇక్కడ గడ్డ తగులుతోంది, పుండు విషం చంక దాకా పాకింది. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే తెచ్చి ఉంటే జబ్బు దానితోనే పోయేదేమో. ఇప్పుడు బతుకుతుందని నేను మాట ఇవ్వలేను."

మరుసటి నెల కర్నూలు కచేరీలో గుమాస్తా ఖాసిం సాహెబ్ విశ్వాసమ్మ పేరు పిలిచి, చేతికున్న కట్టు చూశాడు. "ఏమైంది పెద్దమ్మా?"

"మచ్చ తీసేసినారు నాయనా. నేనే ఆమెనని ఇంక ఎట్ల నమ్ముతావు?"

"వేలిముద్ర ఉండాది గదా. మచ్చ కోసినారని ఒక మాట రాసుకుంటా. అంతే."

ఆ 'అంతే' తెలియక ఏడాది పోయింది. బయటికొచ్చాక విశ్వాసమ్మ మెల్లగా అంది. "నేను ముందే అడగాల్సింది మే."

"నిన్ను నేను అడగాల్సింది," అంది కృపమణి.

మరునాటి సాయంత్రం ఇంట్లో ప్రార్థనకు మోకరిల్లారు. వాన కోసం, ఎద్దుల కోసం అడిగాక కృపమణి తల్లి పక్కకు జరిగింది.

"ప్రభువా, మా ఏసన్న నీ దగ్గరుండాడు. ఏసన్న తల్లిని ఇంకా కొన్నాళ్లు మా దగ్గరుండనీ."

అందరికంటే ముందు విశ్వాసమ్మే ఆమేన్ అంది. కట్టు కట్టిన చేత్తో కూతురి చెయ్యి వెతుక్కుంది.